గల్ఫ్‌కు పనికి పోయే ముందు

పండుగ దాటాక దుబాయి, సౌదీ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు, పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టకముందే ఇవి చూసుకోండి.

• విజిట్ వీసా మీద పనికి పోవద్దు. "అక్కడ దిగినంక మారుస్తాం" అనే మాట నమ్మితే, గడువు తీరగానే జరిమానాలు మొదలవుతాయి. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకు చేతిలో కాగితం ఉండదు. మీకిచ్చింది ఏ వీసానో, తెలిసినవాళ్లతో చదివించుకోండి.

• ఏజెంటుకు లైసెన్సు ఉందా? కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వెతికితే తెలుస్తుంది. మన ఊరివాడే అయినా, చుట్టమే అయినా సరే, వెతకండి.

• ఏజెంటు సర్వీసు ఛార్జీ ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే తప్పు వాళ్లదే. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. రేపు కేసు పెట్టాలంటే అదే ఆధారం. వడ్డీకి తెచ్చిన డబ్బు కదా!

• పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోయేందుకు ప్రభుత్వ అనుమతి, కావాల్సినది) కిందికి వస్తుంది. ఆ క్లియరెన్స్ లేకుంటే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.

• ఒప్పందంలో జీతం, పని, డ్యూటీ గంటలు చూసి సంతకం చేయండి. నకలు ఇంట్లో ఉంచండి.

• ప్రవాసీ భారతీయ బీమా యోజన మరవద్దు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి.