లారీ వెనక యాక్సిల్: బాగు చేయించాలా, మార్చేయాలా?

కరీంనగర్ గ్రానైట్ దిమ్మలు, భూపాలపల్లి బొగ్గు, గోదావరి ఇసుక మోసే బండ్లలో దెబ్బంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. మోత వినగానే ఒక మెకానిక్ "మొత్తం మార్చేద్దాం సేట్" అంటాడు. ఇంకొకడు రెండు బేరింగులు వేసి పంపిస్తాడు. ఇద్దరూ విప్పి చూడకుండానే చెప్తారు. గేర్లు, షాఫ్టులు ఎంత పాడైనా కొత్తవి దొరుకుతాయి. తేల్చాల్సింది వాటన్నిటినీ లోపల పెట్టుకుని బరువు మోసే బయటి ఇనుప డొల్ల, అంటే హౌసింగ్ సంగతి.

జాకీ, గట్టి స్టాండ్లు, మైక్రోమీటర్, అయస్కాంతం, కిరోసిన్, సుద్దపొడి ఉంటే చాలు. ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. ఉత్త జాకీని నమ్మి కిందకి దూరొద్దు.

ఆయిల్ వేడి మీదుండగానే దించండి. అయస్కాంతానికి మెత్తటి నల్ల పేస్టు అంటితే మామూలు అరుగుదలే. ముక్కలు అంటితే గేరు పన్నో, బేరింగో విరిగినట్టే. షాఫ్టులు లాగి చివరి పళ్లు మెలితిరిగాయేమో చూడండి. తిరిగితే ఆ షాఫ్టు స్క్రాప్‌కే. క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు)లలో ఏది పోయినా జోడీగానే మార్చాలి. ఒక్కటే మారిస్తే మళ్లీ అదే మోత.

ఇప్పుడు హబ్బు, అంటే చక్రం బిగించే భాగం, దింపండి. హడావుడి పడొద్దు, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. హౌసింగ్ చివర బేరింగు కూర్చునే చోటును డీజిల్‌తో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, గోరు పెట్టి లాగండి. మెట్టు తగులుతోందా? నీలంగా కాలిన మచ్చ ఉందా? కొత్త బేరింగు లోపలి రింగు ఎక్కించి చూడండి. చేత్తో తోస్తే జారడం తప్పు కాదు, చాలా బండ్లకు అలాగే ఉంటుంది. పైకీ కిందకీ లొడలొడ ఊగితే మాత్రం అరిగినట్టే. మైక్రోమీటర్‌తో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. బరువంతా ఒకవైపే పడుతుంది కాబట్టి అరుగుదల గుండ్రంగా ఉండదు.

అరిగిన చోట సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగు బిగిస్తారు చూడండి, అది నాకు అస్సలు నచ్చని పని. ఆ చుక్కలు నాలుగు లోడ్లకే అణిగిపోతాయి, మళ్లీ హబ్బు ఊగుతుంది. వెల్డింగ్ పోసి లేత్ పట్టించినా నేను ఒప్పుకోను. ఆ వేడికి హౌసింగ్ వంగే ప్రమాదం ఉంది.

తర్వాత కమాన్‌పట్టీల కింద, యూ-బోల్టుల దగ్గర చూడండి. తుప్పు, గ్రీజు గీకేసి కిరోసిన్ పూయండి. కాసేపాగి శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపల ఇంకిన కిరోసిన్ బయటికొచ్చి తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత తేలుతుంది. ఆ గీత కనిపిస్తే బేరం లేదు, హౌసింగ్ మార్చాల్సిందే. టైర్లు ఒకవైపే అరుగుతూ, ఆయిల్ సీళ్లు మాటిమాటికీ పోతుంటే హౌసింగ్ వంగిందేమో అనుమానించండి. వంపు కంటికి ఆనదు, అలైన్‌మెంట్ రాడ్ పెట్టి చూపించుకోవాలి.

ఇవన్నీ బాగుంటే బాగు చేయించండి. అయితే ఖర్చు మంచి సెకండ్ హ్యాండ్ యాక్సిల్ ధరలో సగం దాటితే మార్చడమే మేలు. కొనేటప్పుడు క్రౌన్, పినియన్ పళ్లు లెక్కపెట్టండి. పాత దానికి 41, 7 ఉంటే కొత్త దానికీ అంతే నిష్పత్తి ఉండాలి. వెనక రెండు యాక్సిల్‌లూ ఇంజిన్ లాగే బండ్లలో ఇది తేడా వస్తే గేర్లు ఒకదాన్నొకటి తినేస్తాయి.

బిగించాక మొదటి లోడుకు కాస్త దూరం పోయి ఆపండి. హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కాలుతుంటే బేరింగు బిగుతైనా ఎక్కువై ఉంటుంది, బ్రేకైనా పట్టేస్తుంటుంది. ఆ హబ్బు విప్పించాకే బండి కదపండి.