ట్రయథ్లాన్‌కి తొలి రోడ్ సైకిల్ – 4: ప్యాంటు నంబరు కాలి కొలత కాదు

ఈ పాఠంలో సెకండ్ హ్యాండ్ సైకిల్‌ని ఎలా పరీక్షించాలో చెబుతానని మాటిచ్చాను. చెబుతాను, కానీ చివర్లో, మిగిలిన చోటులో. ముందు పోయిన పాఠం తెచ్చిపెట్టిన తంటా తేల్చుకోవాలి.

పోయినసారి ఫ్రేమ్ సైజు లెక్క ఒకటి చెప్పాను. కాలి లోపలి కొలతని సెంటీమీటర్లలో తీసుకుని 0.67తో గుణిస్తే సుమారుగా మీ సైజు వస్తుంది. ఇదొక్క ముక్క చెప్పి ముందుకెళ్లిపోయాను. కాలు కొలుచుకోవడం ఎవరికి రాదులే అనుకున్నాను. తప్పు నాదే. మీరు పంపిన కొలతలు చూశాక ఆ సంగతి అర్థమైంది.

ఒకాయన ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. కాలి కొలత 32 అంగుళాలని రాశారు. సెంటీమీటర్లలోకి మారిస్తే 81.3, దాన్ని 0.67తో గుణిస్తే 54 పైచిలుకు. పాపం, లెక్కలో తప్పేమీ లేదు. 54 సైజు సైకిల్ కొనేశారు కూడా. వారం తిరిగేసరికి మెడ పట్టేసింది, అరచేతులు తిమ్మిర్లెక్కుతున్నాయి. ఆ 32 ఎక్కడి నుంచి తెచ్చారండీ అని అడిగితే, జీన్స్ ప్యాంటు వెనక తోలు ముక్క మీద ఉందన్నారు. అది నడుము సార్! దాని పక్కన రెండో నంబరు ఉంటే అది కాలిదే, కానీ అదీ పనికిరాదు. ప్యాంటు ఎక్కడిదాకా కుట్టారో చెబుతుందే తప్ప మీ కాలు ఎంతుందో చెప్పదు. మళ్లీ సరిగ్గా కొలిస్తే ఆయనకి 76 సెంటీమీటర్లు వచ్చింది. అంటే కావలసింది 51.

ఇంకొకామె టైలర్‌కిచ్చే సల్వార్ పొడవు 38 అంగుళాలు పెట్టి గుణించారు. 64 పైన వచ్చింది. "64 ఏ షాపులోనూ లేదంటున్నారు సార్" అని ఫోను. ఉండదమ్మా, ఆరున్నర అడుగుల మనిషి సైజు అది. టైలర్ కొలిచేది నడుము నుంచి చీలమండ దాకా. మరొకరు అంగుళాల్లోనే గుణించేసి 20 అని తేల్చుకుని షాపుకెళితే, వాళ్లు పిల్లల సైకిల్ చూపించారట. వేరొకాయన అన్నీ సక్రమంగా చేశారు, బూట్లు మాత్రం విప్పలేదు. మూడు సెంటీమీటర్ల అట్ట కొలతలో కలిస్తే ఫ్రేమ్ లెక్కలో రెండు సెంటీమీటర్లు పెరుగుతాయి. అంటే ఒక సైజు తేడా.

కాబట్టి మళ్లీ మొదటి నుంచి. చెప్పులు, బూట్లు, సాక్సులు ఏవీ వద్దు. వదులు ప్యాంటు కాకుండా షార్ట్స్ వేసుకుని గోడకి వీపు ఆనించి నిలబడండి. రెండు పాదాల మధ్య 15 సెంటీమీటర్ల ఎడం. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి సంపాదించండి. దాన్ని కాళ్ల మధ్య అడ్డంగా పెట్టి, ఒక కొన గోడకి తగిలేలా పట్టుకుని పైకి లాగండి. మొహమాటంగా తాకించి వదిలేయకూడదు. సీటు మీద బరువంతా వేసి కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంతా ఒత్తుకోవాలి. బుడగ మధ్యలో ఉందో లేదో వంగి చూడకండి, వంగితే కొలత మారిపోతుంది. ఇంట్లో వాళ్లని చూడమనండి. రసమట్టం పై అంచు గోడకి తగిలిన చోట వాళ్ల చేతే పెన్సిల్‌తో గీత గీయించి, గీత నుంచి నేల దాకా టేపుతో కొలవండి. ఇలా మూడుసార్లు చెయ్యండి. గీతకీ గీతకీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మొత్తం మళ్లీ చెయ్యండి. రసమట్టం దొరక్కపోతే గట్టి అట్టున్న డిక్షనరీ చాలు, దాని వీపు పైకి ఉండాలి. మా ఇంట్లో పడగ్గది తలుపు వెనక గోడ మీద 77 దగ్గర గీత ఇంకా ఉంది. రెండుసార్లు సున్నాలు వేయించినా అక్కడ మాత్రం వేయనివ్వలేదు.

ఈ కొలత ఇంకోదానికీ పనికొస్తుంది. దాన్ని 0.883తో గుణిస్తే సీటు ఎత్తు. పెడల్ రాడ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా, సీటు గొట్టం వెంబడి కొలుచుకోవాలి. 76కి 67 వస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలో ఉన్న లెక్క ఇది. నేనైతే కొత్తవాళ్లకి దానికన్నా అర సెంటీమీటరు తక్కువే పెడతాను. తర్వాత కాస్త కాస్త పెంచుకోవచ్చు.

ఇక నాకు ఒళ్లు మండే మాటొకటుంది. "సైజు కాస్త పెద్దదైతే ఏం, సీటు దించుకుంటే సరిపోతుంది."

ఈ మాటే నమ్మి నా మొదటి రోడ్ సైకిల్ కొన్నాను. నాకు కావలసింది 52, దొరికింది 56. అమ్మినాయన సీటు దించి, నన్ను ఎక్కించి, "చూశారా, కాళ్లు అందుతున్నాయి" అన్నాడు. నిజమే, అందాయి. కానీ సీటు దించితే మారేది సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య దూరం దాదాపు అలాగే ఉంటుంది. కుర్చీ ఎత్తు తగ్గించినంత మాత్రాన బల్ల అవతలి చివరున్న కంచం దగ్గరికి రాదు కదా. సైజు ఒకటి పెరిగితే, సీటు కింద నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పై గొట్టం పొడవు సుమారు సెంటీమీటరున్నర పెరుగుతుంది. రెండు సైజులైతే మూడు. ఆ మూడు సెంటీమీటర్లకీ ప్రతి క్షణం చెయ్యి చాచి ఉండాల్సిందే.

అప్పుడు రెండో సలహా వస్తుంది: సీటుని ముందుకి జరుపు. జరిపాను. ఈసారి మోకాళ్లు పట్టుకున్నాయి. సీటు ముందుకీ వెనక్కీ జరపడం ఉన్నది మోకాలు పెడల్‌కి ఎక్కడ రావాలో కుదుర్చుకోవడానికి, పొడుగు సైకిల్‌ని పొట్టి చెయ్యడానికి కాదు. ఆ తర్వాత మూడోది: స్టెమ్ మార్చు. స్టెమ్ అంటే హ్యాండిల్‌ని పట్టి ఉంచే ఆ పొట్టి కడ్డీ. 100 మిల్లీమీటర్లది తీసి 90, మరీ అయితే 80 పెట్టుకోవచ్చు, అది అందరూ చేసేదే. నేను 50 పెట్టాను. దిగుడులో హ్యాండిల్ చెయ్యి వణికినట్టు వణికేది. ఇలా చిన్నచిన్న రిపేర్లకి ఖర్చు పెట్టిన డబ్బుతో మంచి హెల్మెట్, ఒక జత సైక్లింగ్ షార్ట్స్ వచ్చేవి.

ఊరికే సైకిల్ తొక్కేవాళ్లయితే ఇదంతా ఎలాగోలా సర్దుకోవచ్చు. మధ్యలో దిగి టీ తాగి, నడుము విరుచుకుని మళ్లీ ఎక్కుతారు. మీరు కొంటున్నది ట్రయథ్లాన్‌కి. ఒలింపిక్ దూరంలో కిలోమీటరున్నర ఈత కొట్టాక 40 కిలోమీటర్లు తొక్కాలి, దిగిన వెంటనే 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. 2019లో మొదలైన గోవా ఐరన్‌మ్యాన్ 70.3 లాంటి ఇంకా పొడుగు ట్రయథ్లాన్‌లలో తొక్కాల్సిందే 90, దాని మీద 21.1 పరుగు. పైగా మనలాంటి వాళ్లు పాల్గొనే పోటీల్లో ఎక్కువ భాగం ఇంకొకరి వెనక గాలిచాటున తొక్కడానికి ఒప్పుకోరు. ఐరన్‌మ్యాన్‌లో 12 మీటర్ల ఎడం ఉండాలి. అంటే ఎదురుగాలంతా మీదే, దాన్ని తప్పించుకోవడానికి వంగి ఉండాల్సిందీ మీరే. ఆ 56 సైకిల్ మీద గండిపేట దాకా వెళ్లొచ్చి దిగి పరుగెత్తబోతే నా నడుము లేవలేదు. వీధి చివర దాకా వంగే పరుగెత్తాను. అక్కడ క్రికెట్ ఆడుతున్న పిల్లలు ఆట ఆపి, "అంకుల్, ఏమన్నా పోయిందా?" అని అడిగారు.

పోయినవారం ఒకాయన షిమానో కంపెనీ '105' రకం ఖరీదైన గేర్లున్న సైకిల్ సగం ధరకి వస్తోందని సంబరపడుతూ చెప్పారు. సైజు 56. ఆయనకి కావలసింది 52. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా? మీ సైజులో అదే కంపెనీ చవక రకం, క్లారిస్ గేర్లున్నది దొరికితే అదే కొనండి. పళ్ల చక్రాలు వెనక ఎనిమిది, ముందు రెండు. మొదటి రెండేళ్లకి అంతకన్నా ఏం చేసుకుంటారు? దాని పై మెట్లు సోరా, టియాగ్రా వస్తే సంతోషం. రాకపోతే బెంగ వద్దు. రెండు సైజుల మధ్య పడితే చిన్నది తీసుకోమంటాను. చిన్నదాన్ని పెంచుకోవచ్చు, సీటు గొట్టం మీద కంపెనీ గీసిన హద్దు దాటకుండా. పెద్దదాన్ని కోసి పొట్టి చెయ్యలేం.

ఇంకో మాట. ఒక కంపెనీ 52, ఇంకో కంపెనీ 52 ఒకటి కావు. ఇప్పటి ఫ్రేముల్లో పై గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఆ నంబరు పేరుకే. డెకాథ్లాన్ లాంటి వాళ్లు అసలు నంబర్లే రాయరు, ఎస్, ఎమ్, ఎల్ అంటారు. ప్రతి కంపెనీ కొలతల పట్టిక ఇస్తుంది. అందులో స్టాక్, రీచ్ అని రెండు వరసలుంటాయి. పెడల్ ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైకొన ఎంత ఎత్తులో ఉందో చెప్పేది స్టాక్, ఎంత ముందుకి ఉందో చెప్పేది రీచ్. 5 అడుగుల 6 అంగుళాల వాళ్లకి రీచ్ 370 నుంచి 380 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి ముందు చూస్తాను. స్టాక్ ఎక్కువున్నది నడుముకి సుఖం. బొజ్జ ఉన్నవాళ్లకి మరీను.

ఏరో బార్లు, అంటే ముందుకి వంగి మోచేతులు ఆనించుకోవడానికి హ్యాండిల్‌కి బిగించే కడ్డీలు, వేయించుకోమంటారా అని నలుగురు అడిగారు. మొదటి ఏడాది వద్దు. మోచేతులు వాటి మీద పెడితే బ్రేకులు చేతికందవు. మన సర్వీసు రోడ్ల మీద కుక్క ఎప్పుడు అడ్డం వస్తుందో దానికే తెలీదు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్. గేర్లు పడుతున్నాయా, బ్రేకులు పట్టుకుంటున్నాయా అన్నది చిన్నపిల్లాడైనా చూస్తాడు. మీరు జేబులో స్టీలు టేపు పెట్టుకెళ్లండి. చైన్ మీద ఒక పిన్ను మధ్యలో సున్నా ఆనించి 12 అంగుళాల దగ్గర చూడండి. కొత్త చైన్ అయితే సరిగ్గా 12 మీద ఒక పిన్ను మధ్యభాగం ఉంటుంది. పిన్ను అంగుళంలో పదహారో వంతు ముందుకి జరిగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే వెనక పళ్ల చక్రాలూ అరిగినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.

తర్వాత ఫోను టార్చి వేసి, హ్యాండిల్ కింద ముందు గొట్టానికి దిగువ గొట్టం అతికిన చోట అడుగు భాగం చూడండి, వేలితో తడమండి. సైకిల్ దేనికైనా ఎదురుగా గుద్దుకుని ఉంటే అక్కడ పెయింటు ముడతపడుతుంది, లేదా చిన్న ఉబ్బు తగులుతుంది. తగిలితే బేరం వద్దు, నమస్కారం పెట్టి వచ్చేయండి. పాత కార్బన్ ఫ్రేమ్ జోలికి నేను పోను, దాని లోపలి పగులు నా కంటికి కనబడదు.

సీటు గొట్టం బోల్టు వదులు చేసి, పైకీ కిందకీ కదిలించి చూడండి. చెమటకీ, సముద్రపు గాలికీ అల్యూమినియం గొట్టం ఫ్రేములో బిగుసుకుపోతుంది. వైజాగ్ వాళ్లు ఇది మర్చిపోవద్దు. అది కదలకపోతే పైన చెప్పిన లెక్కలన్నీ వృథా. బిల్లు అడగండి. సైకిల్ తిరగేసి, పెడల్ ఇరుసు కింద ఉండే ఫ్రేమ్ నంబరు బిల్లులో ఉందో లేదో పోల్చుకోండి. నంబరు గీకేసి ఉంటే అది ఎవరిదో పోయిన సైకిల్ అనుకోవాలి.

కొన్నాక గాలి దగ్గర చిక్కుపడతారు. రోడ్ సైకిల్ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, వీధిలో పంక్చర్ షాపు నాజిల్ దానికి పట్టదు. వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ అమ్ముతారు, రెండు కొని ఒకటి సీటు కింద బ్యాగులో పడేయండి. గాలి కొట్టేముందు వాల్వ్ చివరున్న బుల్లి నట్టు వదులు చెయ్యాలి.

అభ్యాసం ఈసారి కాస్త బరువే. కాలు మూడు రోజులు, రోజుకి మూడుసార్లు కొలిచి తొమ్మిది అంకెలూ రాయండి. తర్వాత పర్సు ఇంట్లో పెట్టి మూడు షాపులకి వెళ్లండి. కనీసం ఆరు సైకిళ్లెక్కి ఒక్కోదాని రీచ్, స్టాక్ నోట్‌బుక్కులో రాసుకోండి. ఎక్కినప్పుడు మోచేతులు కాస్త మడిచి బ్రేకు లీవర్లు పట్టుకోగలుగుతున్నారా, లేక చేతులు కర్రల్లా చాచాల్సి వచ్చిందా అన్నది దాని పక్కనే రాయండి. మూడో పని, మీ సైజుకి దగ్గరగా ఉన్న సైకిల్ ఒకటి స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోవడం. హైదరాబాద్ వాళ్లకి 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ ఉంది. నార్సింగి నుంచి కొల్లూరు వెళ్లొస్తే 29 కిలోమీటర్లు, ఎండా ఉండదు, లారీలూ ఉండవు. వైజాగ్ వాళ్లకి భీమిలి రోడ్డు ఉండనే ఉంది. 40 కిలోమీటర్లు పూర్తి చెయ్యండి. దిగి, హెల్మెట్ తీసి, కూర్చోకుండా, నీళ్లు కూడా నడుస్తూనే తాగి, రెండు కిలోమీటర్లు పరుగెత్తండి. మొదటి ఐదు నిమిషాల్లో ఒంట్లో ఏది ముందు పట్టేసిందో, మెడా, నడుమా, మోకాలా, ఇంటికొచ్చేదాకా ఆగకుండా అక్కడే ఫోనులో రాసుకోండి. తొమ్మిది అంకెలతో పాటు అదీ నాకు పంపండి. ప్యాంటు నంబరు మాత్రం పంపకండి.