కొట్టు వెతకాలంటే సైకిల్ తీయండి

బయటి నుంచి వచ్చి మన గోదావరి డెల్టాలో స్థిరపడ్డవాళ్ల కొట్లు, గుళ్లు చూడాలంటే సైకిలే మేలు. కారులో వెళితే బోర్డు చదివేలోపే సందు దాటిపోతుంది.

ముందు మార్వాడీ స్వీట్ షాపు. పొద్దున్నే వెళ్లి మిర్చీ బడా అడగండి. మన మిరపకాయ బజ్జీకి దూరపు చుట్టమే, కాకపోతే లోపల బంగాళాదుంప కూర ఉంటుంది. తింటూ "మీవాళ్ల గుడి ఎక్కడండీ?" అని ఆ కొట్టాయన్నే అడగండి. నాకు మ్యాప్ కంటే ఈ ప్రశ్నే ఎక్కువ పనికొచ్చింది. గుమ్మిలేరు జైన మందిరం సంగతి అలాగే తెలిసింది. జైన గుడికి వెళ్లేటప్పుడు తోలు బెల్టు, తోలు పర్సు వద్దు.

నరసాపురం వైపైతే లేసు అల్లికలు చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. అక్కడి నుంచి సైకిల్‌ని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కించి గోదావరి దాటితే సఖినేటిపల్లి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం మాత్రం మరో రోజుకి పెట్టుకోండి.

నేల చదునే కదా అని ధీమా వద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురైతే పెడల్ కదలదు. వెళ్లేది సముద్రం వైపైతే తెల్లారకముందే బయల్దేరండి.