ఆయాసం ఉన్నవాళ్లు నడకకు బయలుదేరే ముందు

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లు ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే కాళ్ల కండరాలు నీరసిస్తాయి, తర్వాత నాలుగడుగులకే ఎగశ్వాస వస్తుంది. వ్యాయామం పాడైన ఊపిరితిత్తులను బాగుచేయదు. కానీ కండరాలు బలపడితే అదే పనికి ఆయాసం తగ్గుతుంది. అందుకే భయపడకుండా నడవండి, ముందు ఇవి చూసుకోండి.

- జ్వరం ఉన్నా, కఫం రంగు మారినా, ఆయాసం మామూలుకంటే పెరిగినా ఈరోజు నడక వద్దు. డాక్టరుకు చూపించండి.
- ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. నడక ముందు వాడమని డాక్టరు చెప్పి ఉంటే 10-15 నిమిషాల ముందే పీల్చండి.
- తిన్నాక గంటైనా ఆగండి.
- విజయనగరంలో చలికాలం తెల్లవారుజామున మంచు, చెత్త కాల్చిన పొగ కలిసి కిందనే నిలుస్తాయి. ఎండ వచ్చాకే బయలుదేరండి. రోడ్డు వారకంటే అయోధ్య మైదానంలాంటి ఖాళీ చోటు మేలు. భోగి పొద్దున మాత్రం బయటికి వద్దే వద్దు! ఇంట్లోనే కుర్చీలోంచి లేస్తూ, మళ్లీ కూర్చుంటూ ఉండండి, అదీ వ్యాయామమే.
- నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే ఆగి, ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలండి.
- ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.