రెండో భాగం మొదలుపెట్టే ముందు

సిరీస్‌లో మొదటి భాగం రాస్తున్నంతసేపూ కథంతా బుర్రలోనే తిరుగుతుంటుంది. హీరోయిన్ అన్నయ్య ఏం చదివాడో, వాళ్లింటి మెట్లు ఏ వైపున ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. అసలు గండం రెండో భాగంతో వస్తుంది. మధ్యలో నెలలో, ఏళ్లో గడిచిపోతాయి. మనం మరిచిపోతాం. పాఠకులేమో రెండూ వరసపెట్టి చదువుతారు. 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో డాక్టర్ వాట్సన్‌కి తూటా భుజానికి తగిలిందని కోనన్ డాయిల్ రాశారు. 1890 నాటి రెండో నవలకి ఆ గాయం కాలికి దిగింది. ఎందుకని పాఠకులు ఇప్పటికీ రకరకాల సంజాయిషీలు వెతుకుతూనే ఉన్నారు.

అందుకే కొత్త భాగంలో ఒక్క వాక్యం కూడా రాయకముందే పాతదాన్ని పెన్ను పట్టుకుని చదవండి. గుర్తున్నదాన్ని బట్టి నోట్సు రాస్తే లాభం లేదు. పాత డ్రాఫ్టులో కొట్టేసిన సన్నివేశం మన మనసులో జరిగినట్టే ఉంటుంది, పాఠకుడికి అది తెలియనే తెలియదు. ప్రతి వివరం పక్కనా అది ఎన్నో అధ్యాయంలో వచ్చిందో వేసుకోండి. తర్వాత అనుమానమొస్తే పుస్తకమంతా తిరగేయక్కర్లేదు.

పేర్లు, ఇంటిపేర్లు, రూపురేఖలు అందరూ రాసుకుంటారు. ముంచేవి అవి కావు, మాటవరసకి అనేసినవి. "నాకు ఈత రాదు" అని రెండో అధ్యాయంలో నవ్వేసిన మనిషి మూడో భాగంలో ఎవరినో కాపాడ్డానికి నదిలోకి దూకేస్తాడు. పిలుపులూ అంతే. ఎవరు ఎవరిని మీరు అంటారు, ఎవరిని నువ్వు అంటారు, ఏ సన్నివేశంలో అది మారింది అన్నది విడిగా రాసుకోండి. మీరు ఉన్నట్టుండి నువ్వు అయితే వాళ్ల మధ్య ఏదో జరిగిందని పాఠకుడు అనుకుంటాడు, మీరు అలా అనుకోకపోయినా సరే.

వయసులతో మరీ జాగ్రత్త. నోట్సులో వయసు కాకుండా పుట్టిన సంవత్సరం వేయండి. వయసు ప్రతి భాగానికీ మారుతుంది, పుట్టిన సంవత్సరం మారదు. కథ నడిచే రోజులకి ఒక క్యాలెండర్ పెట్టుకోండి, అందులో చంద్రుణ్ని కూడా గుర్తించండి. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య సుమారు 29.5 రోజులు. పండువెన్నెల్లో విడిపోయిన జంట సరిగ్గా రెండు వారాలకి అర్ధరాత్రి మళ్లీ కలుసుకుంటే అక్కడ వెన్నెల ఉండటానికి వీల్లేదు. అంతకంటే తేలికైన జాగ్రత్త ఇంకోటుంది: అవసరం లేని అంకె వేయొద్దు. "పన్నెండేళ్ల క్రితం" అని రాసేస్తే చివరి భాగం దాకా దానికి కట్టుబడాలి, "చాలా ఏళ్ల క్రితం" అంటే ఆ టెన్షన్ లేదు.

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ, ఎవరికి ఏం తెలుసన్నది. రహస్యం ఉన్న కథలో ఇది లేకుండా ముందుకి పోవడం ప్రమాదం. ఒక పక్క రహస్యాలు, ఇంకో పక్క పాత్రలు పెట్టి గళ్లు గీయండి. ఒక్కో గడిలో ఆ సంగతి ఆ మనిషికి ఎక్కడ తెలిసిందో రాయండి. ఖాళీ గడి ఉన్న పాత్ర నోటి నుంచి ఆ సంగతి జారకూడదు. తండ్రి రాసిన ఉత్తరాన్ని చెల్లెలు ఒక్కతే చదివిందనుకుందాం. మూడు అధ్యాయాల తర్వాత అన్న "నాన్న క్షమాపణ అడిగాడుగా" అంటే కథ అక్కడే కుప్పకూలుతుంది. మనకి అన్నీ తెలుసు కాబట్టి, రాస్తున్నప్పుడు ఇలాంటివి కంటికి ఆనవు.

తేలని ముడులకి ఇంకో కాగితం. నెలనెలా సీరియల్‌గా నవలలు రాసిన చార్లెస్ డికెన్స్ ఒక్కో సంచికకి ఒక కాగితం పెట్టుకునేవారు. ఎడమవైపు ఫలానా పాత్రని ఇప్పుడు తేవాలా అంటూ ప్రశ్నలు, వాటికి తానే రాసుకున్న జవాబులు, కుడివైపు అధ్యాయాల వివరం. ఇవాళ నోటుబుక్కులో రాస్తారో, ఎక్సెల్‌లో రాస్తారో మీ ఇష్టం. అధ్యాయం ముగిసిన రోజే రాయకపోతే మాత్రం ఏదీ పనికిరాదు. ఫైలుకి ఇంకో కాపీ వేరేచోట ఉంచండి.

మధ్యలో పాత్ర పేరు మార్చాల్సివస్తే కంప్యూటర్‌కి ఒకేసారి అప్పగించొద్దు. రవిని కిరణ్ చేయమంటే అరవింద్ కాస్తా "అకిరణ్ంద్" అవుతాడు, రవిక "కిరణ్క" అవుతుంది. "రవీ!" అని పిలిచిన చోట మాత్రం పాతపేరే మిగిలిపోతుంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చండి.

ఇంత చేసినా ఏదో ఒకటి తప్పించుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఉన్న భాగమైతే దిద్దేయండి, దిద్దినట్టు ఒక లైను చెప్పండి. అచ్చయిపోతే, ఆ మాట అన్నది పాత్రే అయితే, అబద్ధమాడిందనో పొరబడిందనో కథలోనే సర్దొచ్చు. సిరీస్ మొత్తానికి ఒకసారైతే చెల్లుతుంది. కథకుడి గొంతుతో చెప్పిన దానికి ఆ దారి కూడా లేదు, తర్వాతి ముద్రణ దాకా ఆగాల్సిందే.