కారుణ్య నియామకం: ముందు దరఖాస్తు పడాలి

ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. కారుణ్య నియామకమంటే, సర్వీసులో ఉండగా చనిపోయిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం. ఉద్యోగి చనిపోయిన ఇళ్ల నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. అందరికీ మొదట చెప్పేది ఒకటే: చనిపోయిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు ఆఫీసులో పడాలి. పెద్దకర్మ కాగానే ఉద్యోగం మాటెత్తితే బాగుండదని ఊరుకుంటారు. తర్వాత పింఛను, గ్రాట్యుటీ అంటూ తిరుగుతుంటే నెలలు గడిచిపోతాయి.

కాగితాలన్నీ చేతికొచ్చేదాకా ఆగొద్దు. మరణ ధ్రువపత్రం, మీ చదువు సర్టిఫికెట్లు జతచేసి, చనిపోయిన ఉద్యోగి చివరగా పనిచేసిన ఆఫీసులో దరఖాస్తు ఇచ్చేయండి. రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు (ఆఫీసుకి వచ్చిన కాగితానికి వేసే నంబరు), తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోండి. "పెట్టి వెళ్లండమ్మా, చూస్తాం" అంటే అక్కణ్నుంచి కదలొద్దు. రేపు ఫైలు కనబడకపోతే మీకు సాక్ష్యం ఆ ముద్రే.

ఇక ఎవరు చేరాలన్నది. చాలామంది తల్లులు "నేను చదివింది పదే, బాబు పెద్దయ్యాక వాడికి ఇప్పించండి" అంటారు. బాబుకి చూస్తే 14 ఏళ్లు! 1977 నాటి జీవో 687తో మొదలైన ఈ స్కీములో, తండ్రి పోయిన రెండేళ్లలోపు పిల్లవాడికి 18 నిండాలి. అంతకన్నా చిన్నవాడి కోసం ఉద్యోగం ఆపి ఉంచరు. ఆఫీస్ సబార్డినేట్‌కి, అంటే అటెండర్ పోస్టుకి, ఏడో తరగతి చాలమ్మా, మీరే చేరండి. డిగ్రీ మీద డిగ్రీ ఉన్న పిల్లలకైనా ఈ దారిలో జూనియర్ అసిస్టెంట్‌ని మించిన పోస్టు రాదు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. మిగతా కుటుంబ సభ్యులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అన్నదమ్ములు మాట తేల్చుకోని ఇళ్లలో ఫైలు ఇక్కడే మూలనపడుతుంది. ఉద్యోగి వివరాలు రాసే సర్వీస్ రిజిస్టర్‌లో వెంకటరమణమ్మ, ఆధార్‌లో రమణమ్మ అని ఉంటే ముందే సరిచేయించండి.

ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకెవరూ ఉండకూడదు. కుటుంబ పింఛను దీనికి అడ్డు కాదు. పెద్దకొడుకు ఉద్యోగం చేస్తూ వేరు కాపురం ఉంటే ఆ మాటే రాయండి, విచారణ చేస్తారు. దాచిపెట్టి చేరితే ఏనాటికైనా ఉద్యోగం మీదికే వస్తుంది.

చనిపోయిన ఉద్యోగి పనిచేసిన శాఖలో ఖాళీ లేకపోతే ఫైలు కలెక్టర్‌కి వెళ్తుంది, వేరే శాఖకు కేటాయిస్తారు. ఈ దశలోనే బ్రోకర్లు తగులుతారు, పైసా ఇవ్వొద్దు. నాన్న చేసిన ఆఫీసే కావాలని పట్టుబట్టకుండా, ఆర్డరు ఎక్కడికొస్తే అక్కడ గడువులోగా చేరిపోండి.