1/12 స్కేలు కారు కిట్: చెన్నై ఇంట్లో మొదటి నుంచి చివరి దాకా

1/24 స్కేలు (అసలు కారులో ఇరవై నాలుగో వంతు) ప్లాస్టిక్కు మోడల్ కార్లు నాలుగైదు చేసి చేయి తిరిగినవారు 1/12 కిట్ పెట్టె తెరవగానే చేసే మొదటి పొరపాటు, ఇదీ అదే పని, కాస్త పెద్దదంతే అనుకోవడం. 4 మీటర్ల 20 సెంటీమీటర్ల కారు 1/24లో పదిహేడున్నర సెంటీమీటర్లు ఉంటుంది, 1/12లో 35 సెంటీమీటర్లు ఉంటుంది, 1/8లో అర మీటరు దాటుతుంది. చిన్న స్కేలులో ఒక గీతతో సరిపెట్టిన బ్రేకు పైపు ఇక్కడ నిజంగానే పైపు. అచ్చులో ఉబ్బెత్తుగా పోసిన స్ప్రింగు ఇక్కడ నొక్కితే ముడుచుకునే లోహపు స్ప్రింగు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరగాలి. పొడవు రెట్టింపయితే ఉపరితలం నాలుగు రెట్లవుతుంది కనుక రంగు పనీ, రంగులో దొర్లే తప్పులూ అదే లెక్కన పెరుగుతాయి.

ఉదాహరణగా హోండా ఆర్‌ఏ273ను తీసుకుంటాను. 1966 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో రిచీ గింథర్ నడపగా తొలిసారి రేసులో దిగిన ఫార్ములా వన్ కారు అది. మూడు లీటర్ల వి12 ఇంజిను, తెల్లని బాడీ, ముందు భాగాన ఎర్రని సూర్యబింబం దాని గుర్తులు. జపాను మోడల్ కిట్ల సంస్థ టామియా తన 1/12 వరసను 1967లో ఈ కారుతోనే మొదలుపెట్టింది. ఇంజిను, పొగ గొట్టాలు, సస్పెన్షను అన్నీ బయటికే కనిపిస్తాయి కనుక తప్పును మూత కింద దాచడానికి వీలుండదు. అందుకే నేర్చుకునేవారికి నేను మూసిన కారు కంటే ఇలాంటిదాన్నే సూచిస్తాను.

పెట్టెలోని సూచనల పుస్తకాన్ని పెన్సిలు పట్టుకొని రెండుసార్లు చదవాలి. ఆ పుస్తకం ఏ ముక్క దేనికి అతుకుతుందో చెబుతుంది. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. పుస్తకంలో మొదటి మెట్టు ఇంజిను కావచ్చు, బాడీ చివరి పేజీలో ఉండవచ్చు. కాని బాడీ రంగు ఆరి గట్టిపడడానికి వారాలు పడుతుంది కనుక దాన్నే మొదట చేపట్టి, అది ఆరుతుండగా ఇంజిను పని చేసుకోవాలి. నేను ఒక నోటుపుస్తకంలో ముక్కల నంబర్లన్నీ రంగుల వారీగా విడదీసి రాసుకుంటాను: బాడీ రంగువి ఇవి, అల్యూమినియం రంగువి ఇవి, మెరుపు లేని నలుపువి ఇవి. అప్పుడు ఒక్కో రంగు ఒకసారి కలిపితే ఆ రంగు ముక్కలన్నీ ఒకే పూట అయిపోతాయి. ప్రతి అతుకు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి. రెండు వైపులా ఒకే రంగయితే ముందు అతికించి, గాడి పూడ్చి, రుద్ది, ఆ తర్వాత రంగు వేయాలి. రంగులు వేరయితే విడివిడిగా రంగు వేసి, అతికే చోట మాత్రం టేపు వేసి ప్లాస్టిక్కును ఒట్టిగా ఉంచుకోవాలి. రంగు మీద జిగురు నిలవదు. వందల ముక్కల కిట్టులో ఈ లెక్క తేల్చుకోవడానికే ఒక ఆదివారం పడుతుంది. ఆ ఆదివారం వృథా పోదు.

ముక్కలున్న చట్రాలను గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటిలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు ఉండిపోతే రంగు పొరలుగా లేచిపోతుంది. ముక్కలన్నిటినీ ముందే కోసి పోగు పెట్టకూడదు. అవసరమైన ముక్కను అవసరమైనప్పుడే, నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయరుతో) రెండు దఫాలుగా కోయాలి: మొదట ముక్కకు రెండు మిల్లీమీటర్ల దూరంలో, తర్వాత మిగిలిన మొలకను అంచుకు దగ్గరగా. సన్నని సస్పెన్షను కడ్డీని ఒకే దెబ్బకు కోస్తే ప్లాస్టిక్కు లోపలికంటా చిరిగి, కోసిన చోట తెల్లని మచ్చ పడుతుంది. ఆ మచ్చ పైపై రుద్దుడుకు పోదు. 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా రుద్దితే అచ్చు గీతలు కూడా పోతాయి. పైపుల వంటి గుండ్రని ముక్కలకు ఈ గీత నిలువునా ఉంటుంది. దాన్ని బల్లపరుపుగా రుద్దేస్తే పైపు గుండ్రదనం పోతుంది కనుక, కాగితాన్ని చెప్పులు తుడిచే గుడ్డలా పైపు చుట్టూ తిప్పి లాగాలి.

జిగురు తాకకముందే అన్నిటినీ ఒకసారి ఒట్టిగా అమర్చి చూడాలి. బాడీ ముక్కలను టేపుతో ఛాసిస్ మీద నిలబెట్టి, మూతల సందులన్నీ సమానంగా ఉన్నాయో లేదో దీపం కింద పరీక్షించాలి. ప్రైమరు (రంగు కింది పొర), రంగు, క్లియరు (రంగు మీది పారదర్శక పొర) కలిసి అంచుకు మందం చేరుస్తాయి. ఒట్టిగా ఉన్నప్పుడు బిగువుగా కూర్చున్న మూత రంగు వేశాక కూర్చోదు. బలవంతంగా నొక్కితే అంచు రంగు పెచ్చులూడుతుంది. కాబట్టి రంగుకు ముందే ఆ అంచులను కాస్త రుద్ది, ఒక పోస్టుకార్డు మందం దూరేంత సందు వదలాలి.

జిగుర్లలో పలుచని ద్రవ సిమెంటు ప్లాస్టిక్కును కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. ముక్కలను దగ్గర పట్టుకొని కుంచె కొనను సందుకు తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. కొన్ని కిట్లలో బరువు మోసే ముక్కలు ఏబీఎస్ ప్లాస్టిక్కుతో ఉంటాయి. వాటికి ఏబీఎస్ సిమెంటే వాడాలి. క్రోము పూత ఉన్న ముక్కల్లో అతికే చోట పూత గీకేయాలి. ఫెవిక్విక్ వంటి జిగురు తేమ తగిలి గట్టిపడే రకం, చెన్నైలో క్షణాల్లో బిగుసుకుంటుంది. దాని ఆవిరి అద్దాల మీద, మెరిసే రంగు మీద తెల్లని పొగలా పేరుకుంటుంది. అద్దాలుగా వాడే పారదర్శక ముక్కలకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురే మేలు.

ఇక రంగు. ఈ ఊళ్లో అసలు పరీక్ష ఇదే. ఈ కిట్టుకు ముందు చేసిన ఒక కారు బాడీకి నవంబరు వానల మధ్య, పెరంబూరులోని మా ఇంటి బాల్కనీలో స్ప్రే గన్నుతో ముదురు నీలం ల్యాకర్ (థిన్నరుతో పలుచన చేసే, త్వరగా ఆరే రంగు) కొట్టాను. పదిహేను నిమిషాల్లో పైకప్పు మీద పాలు ఒలికినట్టు తెల్లని మబ్బు కమ్మింది. థిన్నరు ఆవిరవుతూ ఉపరితలం వేడిని లాగేసుకుంటుంది. చల్లబడిన తడి రంగు మీద గాలిలోని తేమ నీరై వాలుతుంది. ఆ నీరే ఆ మబ్బు. రంగు డబ్బాదే లోపమనుకొని, జనరల్ ప్యాటర్స్ రోడ్డు పక్క సందులో కార్లకు రంగు వేసే నెల్లూరు పెద్దాయనకు ఆ బాడీ చూపించాను. ఆయన దాన్ని వెలుగుకు పట్టి, "రంగు మంచిదే బాబూ, గాలే తడిగా ఉంది. ఎండాకాలంలో పొద్దున పదకొండు లోపల కొట్టి చూడు. సముద్రపు గాలి తిరిగాక గన్ను ముట్టుకోకు" అన్నారు. మే, జూన్ నెలల్లో ఉదయం పూట పడమటి వేడిగాలి పొడిగా ఉంటుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లగానే తేమ ఎగబాకుతుంది. రిచీ స్ట్రీట్‌లో కొన్న చిన్న తేమ మీటరును ఆ తర్వాత గోడకు తగిలించి చూస్తే, ఆయన అనుభవంతో చెప్పిన గంటనే అంకెలూ చూపించాయి.

అప్పటి నుంచి తేమ 65 శాతం దాటితే నేను గన్ను పట్టను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంజిను, వైరింగు, సీటు పనులు పెట్టుకొని, బాడీ రంగును పొడి రోజులకు వాయిదా వేస్తాను. ఆగలేనివారు గదిలో ఏసీని గంట ముందే వేసి ఉంచి, ఆవిరిని గొట్టం ద్వారా కిటికీ బయటికి తోసే స్ప్రే బూత్ వాడాలి. థిన్నరులో నిదానంగా ఆరే రిటార్డరు కొంచెం కలపాలి. పలుచగా కమ్మిన మబ్బు మీద పొడి రోజున ఒట్టి థిన్నరును మంచులా ఒక్క విసురు విసిరితే మెరుపు తిరిగి వస్తుంది. దళసరిగా కమ్మితే రుద్ది తీసేయడమే దారి. దుమ్ము అణగడానికి నేల మీద నీళ్లు చల్లే అలవాటు ఇక్కడ పనికిరాదు, దుమ్ము అణుగుతుంది గాని తేమ పెరుగుతుంది. గదిని ముందు రోజు రాత్రే తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపి కొట్టాలి. కంప్రెసరు గొట్టంలోనూ నీరు చేరుతుంది. ఆ నీటిని పట్టి ఉంచే మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే పూర్తయిన బానెట్ మీద హఠాత్తుగా నీటి చుక్క ఉమ్మినట్టు పడుతుంది. ట్యాంకు అడుగు మరను ప్రతి పూటా విప్పి నీరు వదలాలి.

బాడీకి 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం నాకు కుదిరిన కొలతలు. రంగును పాల పలుచన దాకా కలపాలి. ఆర్‌ఏ273 తెలుపు దంతపు ఛాయ కలిసిన తెలుపు. తెలుపుకు కప్పే శక్తి తక్కువ కనుక బూడిదరంగు ప్రైమరు, దాని మీద తెల్ల ప్రైమరు, ఆపైన అసలు రంగు వేయాలి. ప్లాస్టిక్కే ఎర్రదైతే ఆ ఎరుపు తెల్లరంగులోకి ఊరి గులాబీ ఛాయ తెస్తుంది. మధ్యలో వెండి రంగు పొర వేస్తే ఆగుతుంది. మొదటి రెండు పొరలూ ప్లాస్టిక్కు కనిపించేంత పలుచగా ఉండాలి, వాటిని చూసి నిరుత్సాహపడకూడదు. తర్వాతి రెండు మూడు పొరలు తడిగా, పది పదిహేను నిమిషాల ఎడంతో వేయాలి. ల్యాకర్ పని చేసేటప్పుడు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు తప్పనిసరి, గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. వంటింటి మంటకు ఆ గది దూరంగా ఉండాలి. కార్లకు వాడే టూకే (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే) క్లియరులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి కనుక ఇళ్ల మధ్య ఫ్లాట్లలో దాన్ని వాడవద్దని నా గట్టి అభిప్రాయం. ల్యాకర్ క్లియరు చాలు.

డెకాల్స్‌లో (నీటిలో నానబెట్టి అతికించే బొమ్మల్లో) కష్టమైనది ఆ ఎర్రని సూర్యబింబమే. చదునైన కాగితపు వృత్తం వంపు మీద ముడత పడకుండా కూర్చోవాలి. గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తబరిచే ద్రవం పూసి, తడి దూది పుల్లతో నడిమి నుంచి అంచులకు నీటిని తోయాలి. డెకాల్ మెత్తబడి ముడతలు తేలినప్పుడు వేలు పెట్టకూడదు, ఆరుతూ అదే సర్దుకుంటుంది. రెండు రోజులు ఆగి క్లియరు వేయాలి. తొలి పొరలు మంచులా పలుచగా వేయకపోతే క్లియరులోని థిన్నరు డెకాల్‌ను కొరుకుతుంది. రెండు వారాల తర్వాత 2000 నుంచి సన్నని కాగితాలతో నీళ్లు పోస్తూ రుద్ది, కాంపౌండుతో మెరుగు పెట్టాలి. అంచుల మీద రంగు పలుచన కనుక అక్కడ టేపు వేసి కాపాడాలి.

సీటు, డ్యాష్‌బోర్డు పుస్తకం చెప్పినట్టే చేస్తే సరిపోతాయి. ఇంజిను మీద మాత్రం ఎన్ని గంటలైనా ఖర్చుపెట్టవచ్చు. నిజమైన కార్లలో ప్లగ్గు వైరు సుమారు 7 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, 1/12లో అది 0.6 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రిచీ స్ట్రీట్‌లో దొరికే 30 గేజి వైర్ ర్యాపింగ్ వైరు పైతొడుగుతో కలిపి సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది కనుక దాదాపు సరిగ్గా అతుకుతుంది. పిన్ వైస్‌తో 0.6 బిట్టును వేళ్ల మధ్య తిప్పుతూ రంధ్రాలు చేసి, వైరు కొనను జిగురులో ముంచి దింపాలి. డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఉన్న ఇంజినయితే వైర్లు ఫైరింగ్ ఆర్డరులో, అంటే సిలిండర్లు మండే వరసలో పోవాలి. పోర్షే 911 ఆరు సిలిండర్ల ఇంజినుకు అది 1-6-2-4-3-5. తెలిసినవారి కన్ను ముందు అక్కడికే పోతుంది. సరళ రేఖలా లాగిన వైరు బొమ్మలా కనబడుతుంది. తన బరువుకు తానే కాస్త వంగినట్టు వదలాలి.

సస్పెన్షను మరలు ప్లాస్టిక్కులో తమ దారి తామే చేసుకునే రకం. అర చుట్టు బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి, లేకపోతే మర దిగే ప్లాస్టిక్కు గొట్టం (బోసు) నిలువునా చీలుతుంది. నాలుగు చక్రాలూ అద్దం మీద సమానంగా ఆనేదాకా సస్పెన్షను జిగుర్లు ఆరనివ్వకూడదు.

టైర్ల రబ్బరులోని నూనె గుణం కాలక్రమంలో ప్లాస్టిక్కును కరిగిస్తుంది, మన ఎండకు ఇంకా త్వరగా. రిమ్ము టైరుకు తాకే చోట సన్నని అల్యూమినియం రేకు చుట్టి ఎక్కించాలి. పూర్తయిన కారును బల్ల మీద ఒట్టిగా నిలపకుండా, ఛాసిస్ కింద మరతో పీఠానికి బిగించి టైర్లు పీఠానికి వెంట్రుకవాసి ఎత్తులో ఉండేలా అమర్చి, గాజు పెట్టెలో ఎండ పడని గోడ వైపు పెట్టాలి. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తీసుకెళ్లేటప్పుడు మూసిన కారులో ఎండలో వదిలి వెళ్లకూడదు, సన్నని ముక్కలు గంటలోనే వంకర తిరుగుతాయి.